ముక్కు మీద తిరగబెట్టిన చర్మ క్యాన్సర్: వెడల్పుగా కోయించాలా, మోస్ సర్జరీ చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారికి 66 ఏళ్లు. కుడి ముక్కుపుటం పక్క మడతలో నల్లటి మచ్చ. నాలుగేళ్ల కిందట పుట్టుమచ్చే అనుకుని ఒకచోట కరెంటుతో కాల్పించారు. అదే చోట మళ్లీ లేచింది, అప్పుడప్పుడూ రక్తం చెమర్చి పెచ్చు కడుతోంది. ఈసారి ముక్క పరీక్ష చేయిస్తే పిగ్మెంటెడ్ బేసల్ సెల్ కార్సినోమా (నల్లగా కనిపించే ఒక రకం చర్మ క్యాన్సర్) అని వచ్చింది. ఒక సర్జన్ గారు చుట్టూ సెంటీమీటరు వదిలి కోసి తొడ చర్మం అతికిస్తానన్నారు. ఇంకొక డాక్టరు మోస్ సర్జరీ మేలన్నారు. దానికేమో పెద్ద ఊరు వెళ్లాలి, రోజంతా పడుతుంది, ఖర్చూ ఎక్కువే. ఆవిడకు షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశాక ఆస్పిరిన్ వాడుతున్నారు. ఆవిడకు మాత్రం ఇంట్లో "మచ్చ తీయించడం" అనే చెప్పారు.

దొరికితే మోస్ చేయించండి. ముక్కు మీద కావడం ఒక కారణం, ఒకసారి తీశాక తిరగబెట్టడం ఇంకొకటి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా నేను మోస్ వైపే మొగ్గుతాను, అమ్మగారికి రెండూ ఉన్నాయి. దొరక్కపోతే దానికి దగ్గరగా వచ్చే దారి ఇంకొకటుంది, కింద రాశాను. ఏ దారిలో వెళ్లినా ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: అంచుల్లో జబ్బు లేదని తేలకముందు ముక్కు మీద ఫ్లాప్ (పక్క చర్మాన్ని తిప్పి గాయం మీద కప్పడం) వేయనివ్వకండి.

ముందు మీ కంగారు సంగతి. రిపోర్టులో కార్సినోమా అన్న మాట చూసి మీరు రాత్రంతా నెట్‌లో వెతికి ఉంటారు. బేసల్ సెల్ రకం లివరుకో ఊపిరితిత్తులకో పాకడం చాలా చాలా అరుదు. కీమో అక్కర్లేదు. దీని బుద్ధి వేరు. ఉన్నచోటే ఉండి, మెల్లమెల్లగా చుట్టూ, లోపలికీ తినుకుంటూ పోతుంది. ముక్కు పక్కన వదిలేస్తే మృదులాస్థి దాకా, కంటి మూల దాకా వెళ్లినవి చూశాను. కాబట్టి మంచి చోటు వెతకడానికి మూడు నాలుగు వారాలు పట్టినా కొంప మునగదు, సంక్రాంతి వెళ్లాక చూద్దాం, మనవరాలి పెళ్లయ్యాక చూద్దాం అని రెండేళ్లు లాగితే మునుగుతుంది. తెల్లవాళ్లలో ఇది ముత్యంలా గులాబీ రంగులో ఉంటుంది, మన రంగుకు ఎక్కువగా నల్లగానే వస్తుంది. అందుకే పుట్టుమచ్చ అని కాల్చేసిన డాక్టరును మరీ తిట్టుకోకండి. తప్పల్లా కాల్చే ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపకపోవడం.

ఇక మోస్ అంటే ఏమిటి? చాలామంది ఇదేదో లేజర్ లాంటి కొత్త మిషను అనుకుంటారు. మత్తు ఇంజెక్షనూ బ్లేడూ అవే. తేడా అంతా తీసిన ముక్కను చూసే పద్ధతిలో ఉంది.

ఒక ఇడ్లీని ఊహించుకోండి. మేం కోసి తీసే ముక్క దాదాపు అలాగే ఉంటుంది: పైన చర్మం, కింద గిన్నెలా వంపు. క్యాన్సర్ మొత్తం వచ్చేసిందో లేదో చెప్పేది ఇడ్లీ లోపలి పిండి కాదు, దాని అడుగూ పక్కలూ, అంటే నిన్నటిదాకా ఒంటికి అంటుకుని ఉన్న వైపు. మామూలు పద్ధతిలో ల్యాబులో ఈ ఇడ్లీని నిలువునా నాలుగైదు చోట్ల కోసి, ఒక్కో కోత నుంచి వెంట్రుక మందంలో పదో వంతు పొర తీసి మైక్రోస్కోపు కింద పెడతారు. కోతకూ కోతకూ మధ్య అడుగున మిరియపు పలుకొకటి అంటుకుని ఉంటే కనబడదు. నిజానికి ఆ పద్ధతిలో కంటికి ఆనేది మొత్తం అంచులో సుమారు ఒక శాతం. మిగతా అంతా అంచనా. మోస్‌లో ఇడ్లీ పక్కలను కిందికి నొక్కి, అడుగూ పక్కలూ ఒకే మట్టానికి వచ్చేలా పరిచి, అలాగే గడ్డకట్టించి, అడుగు వైపు నుంచి అడ్డంగా పొర తీస్తాం. అంచు మొత్తం ఒకే స్లైడు మీదికి వస్తుంది. పలుకు ఎక్కడున్నా దొరుకుతుంది, గడియారంలో ఏ గంట దగ్గరుందో కూడా తెలుస్తుంది. అక్కడ మాత్రమే మళ్లీ కోస్తాం.

దీన్ని కనిపెట్టిన ఫ్రెడరిక్ మోస్ 1930ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో వైద్య విద్యార్థి. కణుతుల్లోకి జింక్ క్లోరైడ్ ఎక్కిస్తే కణజాలం చచ్చిపోతుంది కానీ కణాల అమరిక చెదరదని గమనించాడు. 1936 నుంచి మనుషుల మీద మొదలుపెట్టాడు: పుండు మీద జింక్ క్లోరైడ్ ముద్ద పట్టించడం, మర్నాడు ఆ చచ్చిన పొర కోసి చూడడం, జబ్బు మిగిలిన చోట మళ్లీ ముద్ద. రోజుల తరబడి సాగేది, నొప్పి కూడా బాగానే ఉండేది. 1953లో కంటిరెప్ప మీది క్యాన్సర్‌కు చేస్తూ, ముద్ద లేకుండా మత్తిచ్చి నేరుగా కోసి చూస్తే అదే ఫలితం వస్తుందని తేలింది. 1970ల తర్వాత అందరూ చేసేది ఈ రెండో పద్ధతే. ఆ ముద్ద కథ ఎందుకు చెప్పానంటే, అలాంటి సరుకు ఇప్పటికీ "బ్లాక్ సాల్వ్" పేరుతో నెట్‌లో అమ్ముతున్నారు. మన ఊళ్లలో పుట్టుమచ్చలకు సున్నమూ సోడా కలిపి పెట్టడం, నల్లజీడి అంటించడం కూడా ఈ కోవలోనివే. పైన చర్మం కాలి మచ్చ కడుతుంది, కింద జబ్బు హాయిగా పెరుగుతుంది. మోస్ దగ్గర గొప్పతనం ముద్దది కాదు, ప్రతి పొరనూ మైక్రోస్కోపు కింద పెట్టి చూడడానిది.

ఆ రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పొద్దున టిఫిన్ తినే రావాలి, ఎందుకంటే పూర్తి మత్తు ఉండదు. ముందు అద్దం చేతికిచ్చి "ఎక్కడో మీ వేలితో చూపించండి" అంటాను. ముక్క పరీక్ష గాయం మానిపోయి చోటు దొరక్క తికమకపడ్డ సందర్భాలున్నాయి. అందుకే ఇవాళే మచ్చను ఫోన్‌లో దగ్గరగా ఒకటి, మొహం మొత్తం వచ్చేలా ఒకటి ఫొటోలు తీసి పెట్టుకోండి. పెన్నుతో గీత గీశాక మత్తు ఇంజెక్షన్. ముక్కు మీద అదొక్కటే గట్టిగా చురుక్కుమంటుంది, కళ్ల వెంట నీళ్లొస్తాయి, తర్వాత ఏమీ తెలియదు. కనిపించే గడ్డను చెంచా లాంటి క్యూరెట్‌తో గీకేసి, చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే వదిలి, బ్లేడు ఏటవాలుగా పట్టుకుని పళ్లెంలా తీస్తాం. ముక్కు మీదా ముక్క మీదా ఒకే చోట చిన్న గాటు పెడతాం, ఏ వైపు ఏదో తెలియడానికి. అంచులకు నీలం, ఎరుపు రంగులు పూసి కాగితం మీద బొమ్మ గీసుకుంటాం. ముక్క క్రయోస్టాట్‌లోకి (గడ్డకట్టించి పొరలు తీసే మిషను) వెళ్తుంది, లోపల సుమారు మైనస్ 20 డిగ్రీలు. పొరలు తీసి, రంగు వేసి, నా చేతికి వచ్చేసరికి ముప్పావుగంట, గంట. ఈలోపు అమ్మగారు ముక్కు మీద కట్టుతో బయట కూర్చుని టీ తాగుతుంటారు. స్లైడులో మిగిలిందని కనబడితే బొమ్మ మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మళ్లీ లోపలికి. ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు విడతల్లో అయిపోతుంది. రోజంతా పడుతుందన్న మాట నిజమే, అందులో కోత మాత్రం పావుగంట. మిగతాది ఎదురుచూపు.

కోసే చేయీ, స్లైడు చూసే కన్నూ ఒకే మనిషివి కావడం ఇందులో అసలు నియమం.

ఒక కేసు చెప్తాను. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన ఒకాయన. కుడి కణత మీద శనగబద్దంత నల్ల మచ్చ. (మన దగ్గర డ్రైవరు సీటు కుడి కిటికీ పక్కనే కదా, ఎండంతా ఆ చెంపకే.) కంటి వైపు అంచు మొదటి విడతలోనే శుభ్రంగా వచ్చింది. జుట్టు వైపు మాత్రం, పైన చర్మం నిగనిగలాడుతూ ఏమీ లేనట్టే ఉంది, కింద దారప్పోగులా పాక్కుంటూ పోయింది. మూడు విడతలు పట్టింది. చుట్టూ సమానంగా సెంటీమీటరు కోసి ఉంటే కంటి వైపు మంచి చర్మం ఊరికే పోయేది, జుట్టు వైపు జబ్బు మిగిలేది. ఎంత వెడల్పు కోశారు అన్నది కాదు, అంచు ఎంత చూశారు అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న.

అంకెలు కావాలంటే, నెదర్లాండ్స్‌లో ముఖం మీది బేసల్ సెల్ క్యాన్సర్ రోగులను రెండు గుంపులుగా చేసి 10 ఏళ్లు వెంబడించారు. మొదటిసారి వచ్చిన వాటిలో మామూలు కోత తర్వాత 12.2 శాతం, మోస్ తర్వాత 4.4 శాతం తిరగబెట్టాయి. మీ అమ్మగారిలాగా అప్పటికే ఒకసారి తిరగబెట్టిన వాటిలో 13.5 శాతం, 3.9 శాతం. ఇంకో సంగతి కూడా బయటపడింది. మొదటిసారి వచ్చిన క్యాన్సర్‌కు చేయించుకున్నవాళ్లలో, తిరగబెట్టినవాటిలో సగానికి పైగా ఐదేళ్లు దాటాకే బయటపడ్డాయి. రెండేళ్లు ఏమీ లేదు కదా అని చెకప్ మానేసేవాళ్లకు ఈ ముక్క చదివి వినిపిస్తుంటాను.

మోస్ చేసినా నూటికి నూరు కాదని కూడా ఆ అంకెలే చెప్తున్నాయి. కారణాలుంటాయి. కాల్చిన మచ్చ కింద జబ్బు ఒకే ముద్దగా ఉండదు, దీవుల్లా విడివిడిగా ఉండొచ్చు. ఒక దీవి అంచు శుభ్రంగా ఉందని ఆగిపోతే పక్క దీవి ఉండిపోతుంది. అందుకని తిరగబెట్టిన వాటిలో నేను పాత మచ్చ మొత్తాన్నీ కలిపి తీసేస్తాను. మీరు వెళ్లే డాక్టరుకు ఆ కాల్చిన సంగతి, ఎంతమేర కాల్చారో తప్పకుండా చెప్పండి.

రెండో కారణం మా పొరపాట్లు. నా సొంతదే ఒకటి. పై పెదవి మీద చిన్న కేసు, రెండో విడత స్లైడు చూసి అయిపోయిందన్నాను, కుట్లు వేసి పంపించాను. సాయంత్రం రికార్డు రాస్తూ స్లైడు మళ్లీ పెట్టి చూస్తే, ఒక మూల చర్మపు అంచు పరుచుకోలేదు, మడత పడి కొంచెం తెగిపోయింది. అంటే అంత మేర నేను చూడనే లేదు. "శుభ్రంగా ఉంది" అనడానికీ "అక్కడ ఏమీ కనబడలేదు" అనడానికీ తేడా ఉంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి పిలిపించి, జరిగింది చెప్పి, ఆ మూల రెండు కుట్లు విప్పి సన్న పొర తీశాను. అందులో ఉంది, ఆవగింజలో సగం. ఆవిడ ఏమీ అనలేదు కానీ వాళ్లబ్బాయి చూసిన చూపు నాకింకా గుర్తే. అప్పటి నుంచి స్లైడు మీద చర్మపు అంచు చుట్టూ పూర్తిగా కనబడకపోతే కుట్లు వేయనివ్వను.

ఇప్పుడు దొరక్కపోతే సంగతి. మన దేశంలో మోస్ నేర్చుకుని క్రమం తప్పకుండా చేసేవాళ్లు తక్కువ. చాలా ఆసుపత్రుల్లో "మా దగ్గర ఫ్రోజెన్ ఉంది, అదీ ఇదీ ఒకటే" అంటారు. ఒకటి కాదు. ఫ్రోజెన్ సెక్షన్ అంటే ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి చూడడం, అంతవరకే. దాన్ని నిలువుగా నాలుగు చోట్ల కోసి చూస్తే మళ్లీ పాత కథే. అసలేం చూడకపోవడం కన్నా నయం, అంతే. అందుకని అడగాల్సింది "మోస్ చేస్తారా" అని కాదు. "అంచు మొత్తం చూస్తారా, కొన్ని చోట్లే చూస్తారా? స్లైడు ఎవరు చూస్తారు?" అని అడగండి. మర్యాదగా అడిగితే మంచి సర్జన్ ఎవరూ చిన్నబుచ్చుకోరు.

క్రయోస్టాట్ లేనిచోట రెండు మూడు రోజుల్లో ఇదే పని చేయించవచ్చు. సర్జన్ ఏటవాలుగా తీసి, దిక్కులకు దారం గుర్తులు పెట్టి పంపుతారు. పాథాలజిస్టు మామూలు మైనపు దిమ్మల్లోనే అంచు మొత్తం పరిచి చూస్తారు. రిపోర్టు వచ్చేదాకా గాయం కుట్టరు, ఆయింట్‌మెంట్ రాసి కట్టు కడతారు. ముక్కు మీద తెరిచిన గాయంతో మూడు రోజులు ఇంట్లో ఉండడమంటే బంధువులు భయపడతారు కానీ దానివల్ల నష్టం లేదు. శుభ్రంగా ఉంటే మూసేస్తారు, లేకపోతే ఆ వైపు ఇంకొంచెం తీస్తారు. పాథాలజిస్టుతో సర్జన్ ముందే మాట్లాడుకోవాలి, అదొక్కటే షరతు. మీ సర్జన్ గారు దీనికి ఒప్పుకుంటే, మోస్ కోసం దూరం వెళ్లలేకపోయినా మీకు బెంగ అక్కర్లేదు.

ఫ్లాప్ గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, చెంప చర్మాన్ని తిప్పి ముక్కు మీద కప్పాక రిపోర్టులో "అంచులో జబ్బు ఉంది" అని వస్తే, ఆ అంచు ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కింద పెరిగి పైకి కనబడేసరికి ఏళ్లు పడుతుంది. అలా వచ్చినవాళ్లకు చేయడమే మా పనిలో అన్నిటికన్నా కష్టం.

తొడ చర్మం మాట విన్నాక ఒకటి అడగాలనిపించింది, వేరే దారి లేదన్నారా? తొడ నుంచి తీసే పలచటి చర్మం ముక్కు మీద పెడితే ముడుచుకుంటుంది, మన రంగుకు నల్లబడి అతుకులా కనిపిస్తుంది. చెవి ముందు నుంచో వెనక నుంచో తీసిన పూర్తి మందం చర్మం బాగా కలుస్తుంది. ముక్కుపుటం మడతలో గుంట చిన్నదైతే ఏమీ కుట్టకుండా వదిలేసినా నాలుగైదు వారాల్లో దానంతటదే చక్కగా పూడుతుంది. పెద్దదైతే పెదవి పక్క మడత నుంచి ఫ్లాప్, ఇంకా పెద్దదైతే నుదుటి నుంచి. నుదుటి ఫ్లాప్ మన దేశపు పద్ధతే. పుణె దగ్గర ముక్కు తెగిన ఒక బండివాడికి స్థానిక వైద్యులు నుదుటి చర్మంతో ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాకే యూరప్ దాన్ని నేర్చుకుంది. ఏది చేసేదీ జబ్బు ఎంతమేర పోయిందో తేలాకే నిర్ణయించాలి. ముందే "తొడ చర్మం" అని ఖరారు చేసేస్తే నాకు నచ్చదు.

చర్మ క్యాన్సర్ అనగానే అందరికీ మోస్ అక్కర్లేదు. వీపు మీదో చేతి మీదో రెండు సెంటీమీటర్ల లోపు, అంచులు స్పష్టంగా ఉన్న బేసల్ సెల్ అయితే నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోస్తే చాలు, ఏ జిల్లా కేంద్రంలోనైనా చేస్తారు. పాత కాలిన గాయపు మచ్చలో మానని పుండు లేస్తే అది సాధారణంగా స్క్వామస్ అనే వేరే రకం చర్మ క్యాన్సర్, చంకల్లో గజ్జల్లో బిళ్లలు చూడాలి, వెడల్పుగానే కోయాలి. అరికాలి నల్ల మచ్చ మెలనోమా (ఒంట్లోకి పాకే చర్మ క్యాన్సర్) అయితే దారి పూర్తిగా వేరు, క్యాన్సర్ సర్జన్ దగ్గరికే వెళ్లాలి. ఆపరేషన్ తట్టుకోలేని ముసలివాళ్లకు రేడియేషన్ ఉంది. మీ అమ్మగారికి ఆ అవసరం కనిపించడం లేదు.

ఆస్పిరిన్ మీరే ఆపేయకండి. స్టెంట్ ఉన్న మనిషికి అది ఆపడం కన్నా ముక్కు మీద నాలుగు చుక్కల రక్తం ఎక్కువ కారడం నయం, దాన్ని మేం ఆపుకోగలం. షుగర్ మాత్రలు రోజూలాగే. ఆవిడ చుట్ట తాగుతారా? ఇది మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోండి. తాగితే రెండు వారాల ముందు నుంచీ మానాలి, ఫ్లాప్‌కు రక్తం అందక నల్లబడేది ఎక్కువగా ఇలాంటివాళ్లకే. మర్నాడు కన్ను వాచి కమిలినట్టవుతుంది, భయపడకండి. ఐదారు రోజుల్లో కుట్లు తీస్తారు.

ఖర్చు విషయంలో, విడతకు ఇంత అని తీసుకుంటారా, మొత్తానికి ఒకటేనా, మూసే ఆపరేషన్ అందులో కలిసిందా అని ముందే కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం వర్తిస్తుందా అన్నది ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను రిపోర్టు చూపించి అడగండి. పాత స్లైడూ, మైనపు బ్లాకూ ల్యాబు నుంచి అడిగి తీసుకుని వెంట తీసుకెళ్లండి, అవి మీవే.

చివరిగా ఆవిడకు చెప్పలేదన్న సంగతి. చెప్పండి. ఈ ఆపరేషన్‌లో ఆవిడ మెలకువగా ఉంటారు, రోజంతా మా మాటలన్నీ చెవిన పడతాయి. ఇంట్లో వాళ్లు దాచిపెట్టి తీసుకొచ్చిన ఒక పెద్దావిడ, రెండో విడతకు పిలిచినప్పుడు "మచ్చకి ఇన్నిసార్లా?" అని వణికిపోయింది. ఇంకేం దాస్తాం, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, నేను గీసుకున్న బొమ్మ ఆవిడ చేతికే ఇచ్చాను. ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "తుంగ లాగుంది. పైన పీకితే పోదు, గడ్డ తవ్వాలి" అంది. ఇరవై ఎకరాల సేద్యం చేసిన మనిషి. మూడో విడతకు తనే లేచి వచ్చి పడుకుంది. మీరూ అలాగే చెప్పండి: ఇది క్యాన్సరే, కానీ ఒంట్లోకి పాకే రకం కాదు, పూర్తిగా పోయిందని చూశాకే ఇంటికి పంపిస్తారు అని. మాత్రలు వేసుకుని, టిఫిన్ తిని రమ్మనండి.